భల్లే భల్లేకు బడ్జెట్ ఉంది, బెజవాడ చరిత్రకు లేదా?

(కాలేజీ గోడల మధ్య – 9)



కేంద్ర ప్రభుత్వం 2015లో ‘ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్’ ప్రకటించింది. రాష్ట్రాలకు జతలు కుదిర్చింది. మన ఆంధ్రప్రదేశ్‌కు జత పంజాబ్. కాలేజీల్లో క్లబ్బులు పెట్టమన్నారు. అక్కడి భాషలో నాలుగు మాటలు, అక్కడి పండగలు, తిండి, ఆటపాటలు పిల్లలకు తెలియాలన్నారు. ఉద్దేశం మంచిదే. ఆచరణలో ఏం జరుగుతుందో లెక్చరర్లను అడగండి. అద్దె తలపాగాలు, డీజే మీద భాంగ్రా, ఒక ఫ్లెక్సీ, ఫొటోలు, రిపోర్టు. ఉన్న డబ్బు అక్కడికి సరి.

నేను తెలుగు పాఠం చెబుతాను కాబట్టి ‘సంస్కృతి’ అన్న మాట వినబడితే చాలు, ఆ కమిటీలో నా పేరు రాసేస్తారు. అందుకే ఈ లెక్క నాకు తెలుసు. అలాగే ఇంకో సంగతి కూడా తెలుసు. పంజాబ్‌కూ బెజవాడకూ నిజంగానే ఒక చుట్టరికం ఉంది. ఏ ఫ్లెక్సీ మీదా అది కనబడదు.

1917 నవంబర్ 4, 5, 6 తేదీలు. బెజవాడలో మైలవరం జమీందారు నాటకశాల. ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాజన సభ. పూనుకుని జరిపించింది గూడూరు రామచంద్రరావు. ఆహ్వాన సంఘం అధ్యక్షుడు సుండ్రు వెంకయ్య. సభాధ్యక్షుడు హైదరాబాద్ నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి వాడల్లో పని మొదలుపెట్టిన మనిషి.

కుర్చీలో కూర్చుంటూనే ఆయన సభ పేరునే తప్పుపట్టాడు. పంచములమని మనల్ని మనం ఎందుకు పిలుచుకోవాలి? ఈ నేలకు మొదటి మనుషులం మనం, మనం ఆది ఆంధ్రులం. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. బళ్ళు కావాలనీ, బావులు కావాలనీ, చట్టసభలో, స్థానిక సంస్థల్లో మనవాళ్ళు ఉండాలనీ అక్కడ అడిగారు. కొండమీద కనకదుర్గ గుడివాళ్ళు ఏం చేశారు? సభకొచ్చినవాళ్ళు గుడిలోకి వస్తారేమోనని ఆ మూడు రోజులూ తలుపులు మూసేశారు.

ఆ పేరు గాలికి పోలేదు. 1922 జనవరిలో ఎం.సి. రాజా మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టాడు. పంచమ, పరయ అన్న మాటలు తీసేసి తమిళ ప్రాంతంలో ఆది ద్రావిడ, తెలుగు ప్రాంతంలో ఆది ఆంధ్ర అని రాయాలని. మండలి ఒప్పుకుంది. ఆ మార్చిలో జీవో వచ్చింది. ఒక నాటకశాలలో పుట్టిన మాట అయిదేళ్ళలో సర్కారు కాగితం ఎక్కింది.

ఇప్పుడు పంజాబ్ చూడండి. హోషియార్‌పూర్ జిల్లా ముగోవాల్‌కు చెందిన మంగూరాం 1909లో అమెరికా వెళ్ళి గదర్ ఉద్యమంలో పనిచేశాడు. తిరిగొచ్చాక తన ఊళ్ళో మనవాళ్ళ పిల్లలకు బడి పెట్టాడు. 1926 జూన్‌లో ఆ ఊళ్ళోనే సభ జరిపి ‘ఆద్ ధర్మ్’ ప్రకటించాడు. వాళ్ళూ అదే మాట అన్నారు: మేం ఈ నేల ఆదివాసులం, మా దారి మాకుంది. 1931 జనాభా లెక్కల్లో పంజాబ్‌లో 4,18,789 మంది తమ మతం ఆద్ ధర్మ్ అని రాయించుకున్నారు.

ఇవాళ ఆంధ్రప్రదేశ్ ఎస్సీ జాబితా తెరిస్తే మొదటి పేరు ఆది ఆంధ్ర. పంజాబ్ జాబితాలో మొదటి పేరు ఆద్ ధర్మి. అక్షరక్రమం వల్లే అనుకోండి. కానీ మన తాతలు ‘ఆది’ అన్న మాట ఎంచుకోకపోతే ఆ క్రమంలో ముందు నిలబడేవాళ్ళమా? రెండు రాష్ట్రాల జత అంటే ఇదీ! క్లాసులో ఇది చెప్పిన రోజు, కుల ధ్రువపత్రంలో ‘ఆది ఆంధ్ర’ అని ఉన్న పిల్లలు దాన్ని కొత్తగా చూసుకున్నారు. అప్పటిదాకా వాళ్ళకది స్కాలర్‌షిప్ దరఖాస్తుకు జత చేసే కాగితం మాత్రమే.

స్కాలర్‌షిప్ అన్నాను కాబట్టి అదీ చెప్పుకుందాం. క్యాంపస్‌లో వైవిధ్యానికి ఈ దేశంలో పెట్టిన అసలైన ఖర్చు అదే. 1942లో వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా అంబేడ్కర్ వినతిపత్రం ఇచ్చి కొట్లాడితే, ఏడాదికి మూడు లక్షల రూపాయలు మంజూరయ్యాయి. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. 2020 డిసెంబర్‌లో కేంద్ర క్యాబినెట్ అదే పథకానికి అయిదేళ్ళకు 59,048 కోట్లు ఆమోదించింది, అందులో 60 శాతం కేంద్రం వాటా. మాలపల్లె పిల్ల, మాదిగ గూడెం పిల్లాడు ఒకే బెంచీ మీద కూర్చున్నారంటే అది ఈ డబ్బు చేసిన పని. ఆ విడత ఆలస్యమైతే వైవిధ్యం బెంచీ మీంచి లేచి కూలికి పోతుంది. ఏ భాంగ్రా దాన్ని వెనక్కి తీసుకురాదు.

‘కులం ఎత్తితే ఐక్యత చెడుతుంది సార్’ అంటారు. మన డెల్టాలోనే చుండూరు ఉంది. 1991లో సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీటువాడికి తగిలింది. అక్కడ మొదలైన గొడవ ఆగస్టు 6న దళితుల ఊచకోత దాకా పోయింది. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ ఊళ్ళో ఐక్యతను చెడగొట్టింది కులం గురించి మాట్లాడటమా, పక్కన కూర్చోవటాన్ని ఓర్చుకోలేకపోవటమా? పక్కపక్కన కూర్చోవటం నేర్పని ఐక్యత ఫొటోకే పనికొస్తుంది.

భాంగ్రా వద్దనటం లేదు. పిల్లలు ఆడాలి, నవ్వాలి. అయితే ఆ డోలు పక్కన మన డప్పూ మోగాలి. డప్పు కొట్టే కళాకారుడికి బస్ చార్జీ, శాలువా కాదు, డీజేకు ఇచ్చినంత పారితోషికం ఇవ్వాలి. తలపాగాల అద్దెలో సగం చాలు, పాత సభల సంగతులు ఇళ్ళల్లో పెద్దల దగ్గర రాసుకురమ్మని పిల్లల్ని పంపటానికి. లైబ్రరీలో ఒక అర చాలు, భాగ్యరెడ్డివర్మనూ మంగూరామ్‌నూ పక్కపక్కన పెట్టటానికి.

క్లబ్బుల బాధ్యత చూస్తున్న తోటి లెక్చరర్లకు నా మాట ఒకటే. నవంబర్ 4న కార్యక్రమం పెట్టండి. బిల్లులో పద్దు కింద ‘ఆది ఆంధ్ర సభ’ అని రాయండి. పంజాబ్ కాలమ్‌లో ‘ఆద్ ధర్మ్’ అని రాయండి. ఆడిట్‌వాళ్ళు ఇదేంటని అడిగితే ఇంకా మంచిది, వాళ్ళకూ చెబుదాం.

జై భీమ్.