సీబీపీ.. వైరస్‌పై తొలి హెచ్చరిక

ఆసుపత్రి వార్డులో ఒకేసారి పలువురు జ్వరం బారిన పడినప్పుడు, వైరస్ నిర్ధారణ నివేదిక వచ్చే వరకు వేచి ఉంటే ముప్పు పెరుగుతుంది. ఆ వ్యవధిలో వైద్యులకు ఆధారమయ్యేది సీబీపీగా వ్యవహరించే సాధారణ రక్త పరీక్ష. దాని ప్రయోజనం, పరిమితి రెండూ 2003 నాటి సార్స్ విజృంభణలో వెల్లడయ్యాయి.

హాంకాంగ్ అనుభవం

2003 మార్చి 4న హాంకాంగ్‌లోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఆసుపత్రిలో న్యుమోనియాతో ఒక రోగి చేరారు. వారం తిరగకముందే 8ఏ వార్డు సిబ్బంది పలువురు జ్వరపీడితులయ్యారు. అప్పటికి కారక వైరస్ ఏదో తెలియదు. మార్చి 11 నుంచి 25 వరకు అక్కడ చేరిన 138 మంది సార్స్ అనుమానితులను వైద్యులు అధ్యయనం చేశారు. వారిలో సగం, అంటే 69 మంది, ఆరోగ్య సిబ్బందే. మొత్తం రోగుల్లో 69.6 శాతం మందికి లింఫోసైట్లు, 44.8 శాతం మందికి ప్లేట్‌లెట్లు తగ్గినట్లు తేలింది. కొత్త కరోనా వైరసే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది ఏప్రిల్ 16న. 2020లో కొవిడ్ రోగుల్లోనూ లింఫోసైట్ల తగ్గుదల కనిపించింది.

గమనించేది ఏమిటి?

లింఫోసైట్లు తెల్ల రక్తకణాల్లో ఒక రకం. పెద్దల్లో ఒక మైక్రోలీటరు రక్తానికి ఇవి వెయ్యి కంటే తక్కువ ఉంటే తగ్గినట్లు భావిస్తారు. శాతంతో పాటు అసలు సంఖ్యనూ చూడాలి. బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియాలో సాధారణంగా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి.

డెంగీలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. ప్లేట్‌లెట్లు పడిపోతూ హెమటోక్రిట్ 20 శాతం పెరిగితే రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటకు స్రవిస్తున్నట్లు అనుమానించాలి.

ఇదే నిర్ధారణ కాదు

టైఫాయిడ్‌లోనూ తెల్లకణాలు తగ్గవచ్చు. స్టెరాయిడ్ మందులు వాడేవారిలో లింఫోసైట్లు తగ్గుతాయి. మరోవైపు, హాంకాంగ్ రోగుల్లో దాదాపు ప్రతి పదిమందిలో ముగ్గురికి ఆ తగ్గుదల లేదు. కాబట్టి నివేదిక బాగుందన్న ఒక్క కారణంతో అనుమానితుడిని సాధారణ వార్డుకు పంపితే, పక్క మంచాల వారికీ, నర్సులకూ వ్యాధి సోకే ప్రమాదం ఉంది.

డెంగీకి ఎన్ఎస్1, ఐజీఎం ఎలైజా, కొవిడ్‌కు ఆర్టీపీసీఆర్ పరీక్షలతోనే నిర్ధారణ జరుగుతుంది. లక్షణాలు, రోగితో సన్నిహితంగా మెలిగిన వివరాలు, ఎక్స్‌రేతో కలిపి చూసినప్పుడే సీబీపీకి విలువ. అనుమానం కలిగిన వెంటనే రోగిని వేరు గదికి మార్చి, సిబ్బంది మాస్కులు ధరించి, నమూనాను నిర్ధారణకు పంపడం క్షేమకరం.