ఇంటిపనికి ఆఫీసు జీతం

2012 ప్రాంతంలో అమెరికాలోని ఎవర్‌నోట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ఉద్యోగుల ఇళ్లు నెలకు రెండుసార్లు సొంత ఖర్చుతో శుభ్రం చేయించడం మొదలుపెడితే పత్రికలు వింతగా రాశాయి. రైల్వే ఆఫీసర్ల బంగళాలు ఎరిగినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

1890లలో కటకం నుంచి బెజవాడకు పట్టాలు పడ్డాయి. 1902లో ఆ లైను ఉత్తరపు ముక్క బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. మన ఉత్తరాంధ్రలోని పలాస, ఆమదాలవలస, విజయనగరం ఆ లైనులోవే. తెల్లదొరల రైల్వే మనకు వదిలివెళ్లిన అలవాట్లలో బంగళా ప్యూను ఒకటి. జీతం రైల్వేది, చాకిరీ దొరగారింట్లో. దొరలు పోయినా ప్యూను పోలేదు. కాగితాల మీద 'టెలిఫోన్ అటెండెంట్ కమ్ డాక్ ఖలాసీ' అయ్యాడు. ఫోనెత్తడం, ఫైళ్లు మొయ్యడం రాతలో ఉన్న పని. కూరలు తేవడం, బట్టలు ఇస్త్రీ చెయ్యడం, పిల్లల్ని బడికి దించడం అసలు పని.

మరి కుర్రాళ్లు ఈ చాకిరీకి ఎందుకు ఒప్పుకునేవారు? మనిషిని ఎంచుకునేది ఆఫీసరే. 120 రోజులు గడిస్తే తాత్కాలిక ఉద్యోగి హోదా వచ్చేది, మూడేళ్లు ఓర్చుకుని స్క్రీనింగ్ గట్టెక్కితే పర్మినెంటు అయ్యేవాడు. పొట్ట చేతపట్టుకుని వలసపోయే ఉత్తరాంధ్రలో సర్కారు కొలువు కోసం మూడేళ్లు అంట్లు తోమడం నష్టపు బేరం కాదు. ఆఫీసరు సుఖానికి ధర చెల్లించింది మాత్రం ఆ కుర్రాడే. 2020 ఆగస్టు 6న రైల్వే బోర్డు కొత్త నియామకాలు ఆపేసింది.

ఆఫీసర్ల ఇంటి బరువు రైల్వే తనంతట తానే మోసింది, కార్మికుల ఇంటి బరువు సంగతి మాత్రం చట్టం చెప్పాల్సి వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్, 50 మందికి మించి ఆడవాళ్లుంటే పిల్లల గది ఉండాలంది. 1976లో ఆ 50ని 30 చేశారు. నెల్లిమర్ల జూట్ మిల్లంత ఫ్యాక్టరీకి ఈ లెక్కలు సరిపోయాయి. పదిహేనుమంది ఆడవాళ్లు కూర్చుని జీడిపప్పు పొట్టు తీసే పలాస చిన్న యూనిట్‌కు ఇవేవీ అంటలేదు.

నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే మర్యాదైన ఏర్పాటు ఉపాధి హామీది. 2005 చట్టం మొదటి విడతలోనే విజయనగరం జిల్లా ఉంది. శ్రీకాకుళం తర్వాత చేరింది. తల్లుల వెంట పనిచోటికి వచ్చిన పిల్లగుంటలు ఐదుగురో, అంతకు మించో ఉంటే ఒక ఆడమనిషిని వాళ్ల దగ్గర కూర్చోబెట్టాలంది ఆ చట్టం. గునపం పట్టకపోయినా ఆమెకు కూలి ఇవ్వాలంది. పిల్లల్ని చూసుకోవడం కూడా పనేనని, దానికీ మస్టరులో చోటుందని సర్కారు ఒప్పుకున్నట్టే కదా!

అయితే పిల్లలు నలుగురే ఉన్నారనుకోండి, చట్టానికి బాధ్యత లేదు. చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టుకుని, ఒక చెవి అటు పారేసి తల్లే మట్టి తవ్వుకోవాలి. బంగళా ప్యూనును ఇచ్చేటప్పుడు మాత్రం ఆఫీసరుకు పిల్లలెందరని రైల్వే అడగలేదు.