బొగ్గు బాయిలకు నీళ్లొచ్చిన రోజు

సుబేదారి హాస్టల్ నుంచి రాస్తున్న.

మన కోయ పల్లెల నడుమ ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. అక్కడి సింగరేణి ఊరి పేరే కంపెనీకి వచ్చింది. ఎన్ని టన్నులు తీసిండ్రో పుస్తకాల్ల ఉంటది. పోయిన ప్రాణాల లెక్క మనమే గుర్తుంచుకోవాలె.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ బాయిలకు పాత పనుల్ల నిలిచిన నీళ్లు ఒక్కసారి దూకినయి. 17 మంది చనిపోయిండ్రు. ఇది తెలియని ప్రమాదం కాదు. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి చస్నాలాలో నీళ్లొచ్చి 375 మంది పోయిండ్రు. పాత పనులకు 60 మీటర్ల లోపల తవ్వాలంటే అనుమతి తీసుకోవాలె, ముందుగాల బోరు వేసి చూడాలె అనే నిబంధన 1957 నుంచే ఉన్నది. కానీ పాత నక్షా తప్పయితే ఆ 60 మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తరు?

ప్రాణాలు పోయిన చోటును ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాక కదిలించొద్దని, 2025 దాక అమల్ల ఉన్న 1952 గనుల చట్టం 23వ సెక్షన్ చెప్పేది. మనుషుల్ని కాపాడే పనికి మాత్రం మినహాయింపు ఉండేది. ఎందుకంటే సాక్ష్యం అక్కడే ఉంటది. పెద్ద ప్రమాదమైతే ఆ చట్టం 24వ సెక్షన్ కింద కేంద్రం విచారణ కోర్టు వేయడానికి వీలుండేది. అయితే ‘తప్పు ఎవరిది’ అని అడిగి ఆగిపోతే ఒక్క పేరే దొరుకుతది. ‘ముందే ఎందుకు కనిపెట్టలే’ అని అడిగితేనే రేపటి మనిషి బతుకుతడు.

మా బావ కాంట్రాక్టు మీద బాయికి పోతడు. ఫోన్ చేసినప్పుడు జీతం సంగతి తర్వాత, ముందు ఇదే అడుగుత: "బావా, ఇయ్యాల నీటి చెమ్మ, కప్పు చప్పుడు ఏమన్న కనబడ్డదా? సర్దార్‌కు చెప్పినవా?"

మీ ఇంట్ల బాయికి పోయేటోళ్లుంటే మీరూ అడగండి.