గురి దూరం వేరు, తూటా పడే దూరం వేరు

రైఫిల్ తూటా ఎంత దూరం పోతుంది? దీనికి ఒక అంకె చాలదు. గురి చూసి కొట్టగల దూరం ఒకటి, తూటా వెళ్లి పడగల దూరం మరొకటి. అమెరికా సైనిక పత్రాల్లో ఎం-16 రైఫిల్‌కు మొదటిది 550 మీటర్లు, రెండోది 3,600. పెద్ద తూటాను పేల్చే 12.7 మిల్లీమీటర్ల ఎం-2 మెషిన్‌గన్‌కు ఇవి సుమారు 1,830, 6,764 మీటర్లు. పుదుచ్చేరి బీచ్ రోడ్డులోని గాంధీ విగ్రహం నుంచి కొలిస్తే ఎం-16 గురి దూరం పాత పట్నం మధ్య కాలువ దాకా వస్తుంది. ఎం-2 తూటా పడే దూరం మాత్రం గోరిమేడులోని జిప్మర్‌ను కూడా దాటిపోతుంది.

సెకనుకు దాదాపు 900 మీటర్ల వేగంతో బయల్దేరే తూటా, గాలే లేకపోతే 80 కిలోమీటర్లు పోవాలి. గాలి నిరోధం దాన్ని పదో వంతు లోపుకు తెస్తుంది. పెద్ద తూటాకు అడ్డుకోత వైశాల్యంతో పోలిస్తే బరువు ఎక్కువ, అందుకే వేగం నెమ్మదిగా తగ్గుతుంది. భుజం ఎత్తున నేలకు సమాంతరంగా పేల్చిన తూటా అర సెకనులో, 500 మీటర్లలోపే నేల తాకుతుంది. కానీ గొట్టం ఒక్క డిగ్రీ పైకి లేస్తే 7.62 మిల్లీమీటర్ల తూటా కిలోమీటరు దాటుతుంది. రాతికి తగిలి దిశ మార్చుకున్న తూటాల లెక్క వేరే.

ఈ తేడా ప్రాణాల మీదికి తెచ్చిన ఘటన తమిళనాడులోనే ఉంది. 2021 డిసెంబర్ 30న పుదుక్కోట్టై జిల్లా నార్తామలైలో ఇంటి దగ్గరున్న పదకొండేళ్ల బాలుడి తలకు తూటా తగిలింది. పత్రికల కథనం ప్రకారం భద్రతా దళాలు కాల్పుల సాధన చేసే స్థలం అక్కడికి సుమారు 2 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2022 జనవరి 3న ఆ బాలుడు చనిపోయాడు.

పుదుచ్చేరి చరిత్రలోనూ దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది, అయితే అది ఫిరంగులది. 1748లో ఇంగ్లీషు నౌకాసేనాని బోస్కావెన్ అప్పటి ఫ్రెంచి పుదుచ్చేరిని ముట్టడించినప్పుడు, కందకాలను 800 గజాల దగ్గర మొదలుపెట్టడం వాడుక కాగా ఇంగ్లీషువాళ్లు 1,500 గజాల దూరంలో మొదలుపెట్టారని చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. తీరంలో లోతు చాలక ఓడలూ దూరంగానే నిలిచాయి. వాటి గుండ్లకు కోట లొంగలేదు, వీధిలో ఒక ముసలమ్మ మాత్రం బలైందని ఆయన కథనం. ఆ అక్టోబర్‌లో ముట్టడి ఎత్తేశారు.

ఈ రెండు ఉదాహరణలతో ప్రమాదం ఎంత తరచుగా జరుగుతుందో తేల్చలేం. ఒక్కటి మాత్రం చెప్పొచ్చు: గురికి అందనంత దూరంలో ఉన్న ఊరు ప్రమాదానికీ అందదనుకోవడం తప్పు. సాధన స్థలాల హద్దును తూటా పడే దూరాన్ని బట్టి గీయాలి. అంత ఖాళీ భూమి లేనిచోట గొట్టం పైకి లేవకుండా, తూటా బయటపడకుండా పైనా పక్కలా అడ్డుగోడలు కట్టాలి. లక్ష్యం వెనక ఒక కొండ ఉందన్న ధీమా చాలదు.