ఎపిజెనెటిక్ నియంత్రణ, కేంద్రక వ్యవస్థ: హైదరాబాద్ పరిశోధనలు

డీఎన్‌ఏ అక్షరక్రమం చెక్కుచెదరకుండానే ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో తేల్చే ఏర్పాటును ఎపిజెనెటిక్ నియంత్రణ అంటారు. మనిషి కణంలో సాగదీస్తే సుమారు 2 మీటర్లుండే డీఎన్‌ఏ, హిస్టోన్ ప్రొటీన్లకు చుట్టుకుని మిల్లీమీటరులో వందో వంతు ఉండే కేంద్రకంలో ఇముడుతుంది. చుట్ట బిగిస్తే జన్యువు మూతపడుతుంది, వదులైతే తెరుచుకుంటుంది. హిస్టోన్ల మీదా డీఎన్‌ఏ మీదా పడే మిథైల్, ఎసిటైల్ ముద్రలే ఈ బిగువును మారుస్తాయి.

హైదరాబాద్‌లో ఈ రంగానికి పేరు తెచ్చిన పని ఐటీ కంపెనీలుండే హైటెక్ సిటీ వైపు కాదు, మెట్రో నీలం లైను రెండో కొసన జరిగింది. 1977లో మొదలైన సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం) హబ్సిగూడ దగ్గర ఉంది. సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం) ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది.

సీడీఎఫ్‌డీలో సంజీవ్ ఖోస్లా బృందం 2015లో ప్రకటించిన ఫలితం క్షయకు సంబంధించినది. క్షయ క్రిమిని మింగి చంపాల్సిన మాక్రోఫేజ్ కణంలోనే ఆ క్రిమి బతుకుతుంది. అక్కడ అది ఆర్‌వీ1988 అనే ప్రొటీన్‌ను వదులుతుంది. ఆ ప్రొటీన్ నేరుగా మన కణ కేంద్రకంలోకి వెళ్లి, హెచ్3 హిస్టోన్‌లోని 42వ స్థానపు ఆర్జినిన్‌కు మిథైల్ తగిలిస్తుంది. ముద్రలు ఎక్కువగా హిస్టోన్ తోక మీద పడతాయి. ఇది మాత్రం డీఎన్‌ఏ చుట్టలోకి వచ్చిపోయే గుమ్మం దగ్గరే పడుతుంది. దాంతో తొలి రక్షణకు కావలసిన జన్యువులు అణిగిపోతాయి. ఈ ప్రొటీన్ తీసేసిన క్షయ క్రిమి అంత బాగా నిలదొక్కుకోలేకపోయింది. హాని చేయని బంధుజాతి క్రిమికి దీన్ని ఇస్తే ఎలుకల ఆరోగ్యం దెబ్బతింది. మన జన్యువులకు తాళాన్ని క్రిమి తానే వేస్తోందన్నమాట.

ముద్రలతో పాటు కేంద్రకంలో చోటు కూడా ముఖ్యమే: కేంద్రకం లోపలి గోడకు ఆనుకుని లామిన్లు అనే ప్రొటీన్ల వల ఉంటుంది. క్రోమాటిన్‌లో, అంటే డీఎన్‌ఏ-హిస్టోన్ల చుట్టలో, అణిగి ఉండే భాగాలు చాలావరకు దాన్ని అంటిపెట్టుకునే ఉంటాయి. లామిన్-ఎ జన్యువులో తేడా వస్తే కండరాల క్షీణత రావచ్చు. పసివయసులోనే ముసలితనం తెచ్చే ప్రోజేరియాకూ ఈ జన్యువే మూలమని 2003లో తేలింది. సీసీఎంబీలో వీణా పర్నాయిక్ బృందం 2006లో ఇంకో కోణం చూపింది: జబ్బు తెచ్చే కొన్ని లామిన్ మార్పులున్న కణాల్లో, డీఎన్‌ఏ తెగిన చోట మరమ్మతు ప్రొటీన్లు సరిగా గుమిగూడవు.

ముద్రను చెరపవచ్చు కాబట్టే మందుకు చోటుంది. మూలుగ జబ్బయిన మైలోడిస్‌ప్లాసియాకు డీఎన్‌ఏ మిథైలేషన్‌ను తగ్గించే అజాసిటిడిన్‌ను అమెరికా 2004లో అనుమతించింది. దాని జెనెరిక్‌ను 2013లో హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ అక్కడి మార్కెట్‌లోకి తెచ్చింది.

ఐటీ కారిడార్‌కు దగ్గరి ప్రశ్న నైట్ షిఫ్టులది. శరీర గడియారాన్ని నడిపే క్లాక్ ప్రొటీన్ హిస్టోన్లకు ఎసిటైల్ తగిలిస్తుందని 2006లో తెలిసింది. రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో చేర్చింది, 2019లో మళ్లీ ఖాయం చేసింది. ఆ ముప్పు ఈ ముద్రల దారినే వస్తుందన్నది మాత్రం ఇంకా రుజువు కాలేదు.