గురువు, గురూ, కేరాఫ్: తెలుగు సినిమాలో తరాల మధ్య స్నేహం

తెలుగులో నేస్తం, జతగాడు, చెలికాడు, సావాసం వంటి మాటలు ప్రధానంగా ఈడుజోడువారి మధ్య సంబంధాన్ని సూచిస్తాయి. అరవై ఏళ్ళ మనిషికీ పదేళ్ళ పిల్లవాడికీ మధ్య, రక్తసంబంధం లేకుండా, ఒకరి నుంచి ఒకరికి రావలసిన బాకీ ఏదీ లేకుండా ఏర్పడే అనుబంధానికి వాడుకలో విడిగా పేరు లేదు. అటువంటి అనుబంధం ఎదురైనప్పుడు సమాజం దానికి ముందుగా ఒక చుట్టరికపు పిలుపును తొడుగుతుంది. పెద్దవాడు తాత, బాబాయి లేదా మావయ్య అవుతాడు, చిన్నవాడు మనవడో అల్లుడో అవుతాడు. చుట్టరికంలో ఇమడని పక్షంలో గురుశిష్య సంబంధమనే మరో పాత చట్రం సిద్ధంగా ఉంటుంది. ఈ అనుబంధాన్ని ఈ వ్యాసంలో తరాంతర మైత్రి అని వ్యవహరించడం జరిగింది. ఒక తరానికి చెందిన మనిషి మరో తరం మనిషిని బంధువుగానో ఆశ్రితుడుగానో గాక మనిషిగా ఎంచుకోవడం అని ఆ మాటకు ఇక్కడ అర్థం. తెలుగు నాటకీయ చిత్రాలు ఈ మైత్రిని గురుశిష్య కథగా మారువేషంలో చెబుతూ వచ్చాయనీ, ఆ మారువేషం క్రమంగా తొలగిన తీరును 1980 నుంచి 2018 వరకు వచ్చిన నాలుగు చిత్రాలలో గుర్తించవచ్చుననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఈ ప్రతిపాదనకు మొదటి ఆధారం చిత్రాలకన్నా ముందు వీధిలోనే దొరుకుతుంది. సీతమ్మధార మొదలుకొని రేవు వైపు వరకు విశాఖపట్నం వాడుకలో గురూ అనే పిలుపు విరివిగా వినబడుతుంది. ఆటోవాడు ప్రయాణికుడినీ, కుర్రవాడు తోటి కుర్రవాడినీ, ముక్కూ మొహం తెలియనివాడు దారి అడగడానికి ఎదుటివాడినీ ఆ మాటతోనే పిలుస్తారు. అజ్ఞానాన్ని పోగొట్టేవాడని శాస్త్రం నిర్వచించిన పదం, పాదాలకు నమస్కరించవలసిన దూరాన్ని సూచించిన పదం, దీర్ఘం తీసి పలికేసరికి భుజం మీద చెయ్యి వేసే చనువుగా మారింది. గురువు స్నేహితుడయ్యే ప్రయాణమంతా ఆ ఒక్క దీర్ఘంలో ఉంది. సినిమా అదే ప్రయాణానికి దాదాపు నాలుగు దశాబ్దాలు తీసుకుంది.

ఈ కథకు పూర్వరంగం ఉత్తరాంధ్ర రంగస్థలం మీదే ఉంది. గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో విస్తృతమైన మలికూర్పుగా వెలువడింది. అందులోని గిరీశం, వెంకటేశం జంట తెలుగు సాహిత్యంలో వయోభేదం గల స్నేహానికి అత్యంత ప్రసిద్ధమైన ఉదాహరణ. గిరీశం పరీక్ష తప్పిన పిల్లవాడికి గురువునని చెప్పుకుని, శిష్యుణ్ణి సరిజోడులా పలకరిస్తూ, అతని వెంట కృష్ణరాయపురం అగ్రహారంలో కాలు పెడతాడు. అంటే తెలుగువారు బాగా ఎరిగిన ఈ గురుశిష్య స్నేహం మొదటినుంచీ నకిలీయే. అయితే అదే నాటకం చివరి అంకంలో, విశాఖపట్నంలో, నాట్యవృత్తి స్త్రీల మొహం చూడకూడదని నియమం పెట్టుకున్న వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి మారువేషంలో వచ్చినప్పుడు, ఎవరూ ఊహించని అసలైన పరిచయం ఒకటి మొదలవుతుంది. గౌరవనీయుడైన పెద్దమనిషికీ, సమాజం వెలిగా చూసే యువతికీ మధ్య పుట్టిన ఆ క్షణకాలపు గౌరవం తరువాతి తెలుగు చిత్రకథకు విత్తనం వంటిదని చెప్పడానికి తగిన కారణం ఉంది. విజయనగరం కన్యాశుల్కం ప్రదర్శనలలో రామప్పంతులుగా పేరు పొందిన రెవెన్యూ అధికారి జె.వి. సోమయాజులే 1980లో శంకరాభరణం చిత్రంలో శంకరశాస్త్రిగా తెర మీదికి వచ్చాడు. ఆయన సోదరుడు జె.వి. రమణమూర్తి అదే నాటకంలో గిరీశంగా ప్రసిద్ధుడు.

కె. విశ్వనాథ్ దర్శకత్వంలో ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన శంకరాభరణం 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. జంధ్యాల సంభాషణలు, వేటూరి పాటలు, కె.వి. మహదేవన్ సంగీతం గల ఆ చిత్రాన్ని విమర్శకులు ఎక్కువగా శాస్త్రీయ సంగీతపు పునరుద్ధరణగానే చదివారు. ఆ పఠనం తప్పు కాదు గాని, కథ నిర్మాణాన్ని అది సగమే వివరిస్తుంది. ఈ చిత్రంలో తులసి అనే యువతి వయస్సు మళ్ళిన విద్వాంసుడు శంకరశాస్త్రిని తనంత తానుగా ఎంచుకుంటుంది. ఆయన ఆమెను పిలవలేదు, ఆమెకు పాఠం చెప్పలేదు, ఇద్దరి మధ్య మాటలు కూడా బహు కొద్ది. ఏకలవ్యుడి కథలో మాదిరిగా ఇక్కడా చిన్నవారే గురువును నిర్ణయించుకున్నారు. తేడా ఏమిటంటే ఏకలవ్యుడి గురువు బొటనవేలు అడిగాడు, ఈ గురువు ఆమెకు ఆశ్రయమిచ్చి తన పరువును కోల్పోయాడు. ఊరు ఈ సంబంధానికి పేరు పెట్టడానికి ప్రయత్నిస్తుంది, దానికి తెలిసిన పేరు ఒక్కటే, ఆ పేరు అపవాదు. శిష్యురాలు, కూతురు, ఉంపుడుగత్తె అనే మూడు గదులలో దేనిలోనూ ఇమడని సంబంధాన్ని చూసి ఊరు భయపడిందన్నది ఈ చిత్రంలోని అసలు సంఘర్షణ.

మైత్రికి మాట దొరకనప్పుడు తులసి దానిని ఒక పిల్లవాడి ద్వారా చెప్పిస్తుంది. తన కొడుకు శంకరాన్ని దిక్కులేనివాడిగా శాస్త్రి ఇంట చేర్చి, తాను తెర వెనుకే ఉండిపోతుంది. ఆ బాలుడి పాత్రను తులసి అనే బాలనటి పోషించడం, ఆమె పేరు కథానాయిక పేరే కావడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, తల్లి ఆరాధన కొడుకు గొంతులో కొనసాగే కథకు అది విచిత్రంగా అమరింది. శాస్త్రి కచేరీ మధ్యలో కూలిపోతే పిల్లవాడు పాటను అందుకుంటాడు, పండితులకు సత్కారంగా కాలికి తొడిగే కడియమైన గండపెండేరం వృద్ధుడి కాలి నుంచి బాలుడి కాలికి మారుతుంది, ఆయన పాదాల వద్దనే తులసి ప్రాణం విడుస్తుంది. మూడు తరాలు ఒకే వేదిక మీద కలిసిన ఆ దృశ్యంలో వారసత్వం రక్తం ద్వారా సాగలేదు. శాస్త్రికి సొంత కూతురు ఉండగానే ఆయన విద్య బయటి బిడ్డకు దక్కింది.

భారతీయ కథాసంప్రదాయంలో ఈ అంశానికి మూలరూపం వంటిది రవీంద్రనాథ్ ఠాకూర్ 1892లో రాసిన కాబూలీవాలా. తపన్ సిన్హా 1957లో బెంగాలీలోనూ, హేమేన్ గుప్తా 1961లో బల్‌రాజ్ సాహ్నీతో హిందీలోనూ దానిని తెరకెక్కించారు. అక్కడ పండ్లు అమ్ముకునే రహమత్ చిన్నారి మినీలో దూరదేశంలో ఉన్న తన కూతురిని చూసుకుంటాడు, చెరసాల నుంచి తిరిగి వచ్చేసరికి మినీ పెళ్ళికూతురై అతణ్ణి గుర్తుపట్టలేని స్థితికి చేరుతుంది. కాలం ఆ స్నేహాన్ని తుడిచివేస్తుంది, రహమత్ దగ్గర మిగిలేది కూతురి అరచేతి ముద్ర ఉన్న కాగితం మాత్రమే. విశ్వనాథ్ కథలలో కాలం అలా తుడిచివేయదు, ఎందుకంటే ఇద్దరి మధ్యా ఆటపాటలకు మించి ఒక విద్య ఉంది. విద్య చేతులు మారినంతకాలం స్నేహానికి మరుపు రాదు.

అయితే శంకరాభరణంలో తరాల స్నేహం ఇంకా ఆరాధన రూపంలోనే ఉంది. చిన్నవారు పెద్దవారికి ఎదురు చెప్పే అవకాశం అందులో లేదు. ఆ అవకాశం 1983 జూన్‌లో విడుదలైన విశ్వనాథ్ చిత్రం సాగర సంగమంలో కలిగింది, అందుకే తరాంతర మైత్రి అధ్యయనానికి ఈ నాలుగింటిలో అది అన్నిటికన్నా లోతైన చిత్రమని భావించవలసి వస్తుంది. ఇందులో బాలు పేదింటి నర్తకుడు. వంటలు చేసి పెంచిన తల్లి, కొడుకు ఢిల్లీ ఉత్సవంలో ఆడబోతున్న వేళ మరణిస్తుంది. ప్రేమించిన మాధవి జీవితం మరోదారి పడుతుంది. ఏళ్ళు గడిచి, తాగుడుకు బానిసై, పత్రికలో నాట్యవిమర్శ రాసి బతికే బాలు ఒక యువతి ప్రదర్శనను నిర్మొహమాటంగా తప్పుపడతాడు. ఆ యువతి శైలజ మాధవి కూతురని అతనికి తెలియదు.

ఇక్కడ గురుశిష్య చట్రం మొదటి అడుగులోనే తలకిందులైంది. శిష్యురాలు గురువును ఎంచుకోలేదు, పైగా అసహ్యించుకుంది. గురువుకు వేదిక లేదు, ఆరోగ్యం లేదు, మర్యాద లేదు. ఉన్నదల్లా విద్య ఒక్కటే. పత్రిక కార్యాలయంలో పంచభూతాల అభినయాన్ని, అంటే నేల, నీరు, నిప్పు, గాలి, ఆకాశం అనే భావాలను చేతులతో, చూపుతో, ముఖంతో పలికించే పద్ధతిని, భరతనాట్యంలోనూ కథాకళిలోనూ కథక్‌లోనూ వేర్వేరుగా ఆడి చూపే దృశ్యం ఈ చిత్రానికి గుండెకాయ. బల్లలు, కాగితాలు నిండిన గదిలో, మత్తు వదలని శరీరంలోంచి ఒక్కసారిగా శాస్త్రం లేచి నిలబడినప్పుడు, ప్రేక్షకుడికి ఆ మనిషి కోల్పోయినదంతా ఒకే చూపులో అర్థమవుతుంది. ఆ పాత్ర ధరించిన కమల్ హాసన్‌కు అప్పటికి 30 ఏళ్ళు నిండలేదు. వృద్ధాప్యాన్ని తెల్లజుట్టుతో గాక, ఒకప్పుడు సులువుగా లేచిన కాలు ఇప్పుడు లేవడానికి తీసుకునే సమయంతో ఆయన చూపించాడు. తరం అంటే సంవత్సరాల లెక్క మాత్రమే కాదనీ, దేహం తన సొంత విద్యకు ఎంత దూరమైందన్న కొలత కూడాననీ ఆ నటన నిరూపిస్తుంది.

శైలజ పాత్రను గాయని ఎస్.పి. శైలజ పోషించింది. ఆ పాత్రకు రచన ఇచ్చిన న్యాయం ప్రత్యేకంగా గమనించదగినది. ఆమె కోపానికి కారణం ఉంది. తల్లికీ ఈ తాగుబోతుకూ మధ్య ఉన్నదేమిటో తెలియక అనుమానిస్తుంది, ఆ అనుమానంతోనే నేర్చుకుంటుంది. తమకన్నా పెద్దవారికి కూడా ఒకనాడు యౌవనం ఉండేదని పిల్లలు గ్రహించడం ఎంత కష్టమో ఈ చిత్రం చెప్పినంత స్పష్టంగా తెలుగులో మరే చిత్రమూ చెప్పలేదు. పెద్దల గతం తెలిసిన తరువాతే ఆమె అడుగులో వినయం చోటు చేసుకుంటుంది. అప్పటికి బాలు చక్రాల కుర్చీకి పరిమితమై, ప్రేక్షకుడిగా ఆమె నాట్యాన్ని చూస్తూ కన్నుమూస్తాడు. ఆగిపోయిన నాట్యం మరో దేహంలో సాగుతుండగా, ఈడువాడైన స్నేహితుడు రఘు అతణ్ణి వానలో బయటికి తీసుకుపోతాడు. ఈడు స్నేహం శరీరాన్ని మోసింది, తరాల స్నేహం విద్యను మోసింది. ఇళయరాజాకు సంగీతానికీ, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి గానానికీ జాతీయ పురస్కారాలు తెచ్చిన ఈ చిత్రంలో, రెండు స్నేహాలకూ ఉన్న ఈ పని విభజన చివరి దృశ్యం వరకు చెక్కుచెదరదు.

ఇదే దర్శకుడు 1992లో ఈ అనుబంధపు చీకటి వైపును స్వాతికిరణంలో చూపించాడు. మమ్ముట్టి ధరించిన అనంతరామశర్మ బాలగాయకుడు గంగాధరంలో తనకన్నా పెద్ద ప్రతిభను గుర్తించి అసూయపడతాడు, ఆ అసూయను భరించలేక పిల్లవాడు ప్రాణం తీసుకుంటాడు. గురువు భార్య శారద ఆ బాలుణ్ణి బిడ్డగా ప్రేమించింది గాని, భర్తకు అతనితో స్నేహం చేయడం చేతకాలేదు. పీఠం దిగితేనే స్నేహమని తెలిసినా దిగలేని పెద్దరికం ఎంత ప్రమాదమో ఈ విషాదం చెబుతుంది. శంకరాభరణం విడుదలైన తేదీనే, 2023 ఫిబ్రవరి 2న, విశ్వనాథ్ కన్నుమూశాడు.

విశ్వనాథ్ చిత్రాలలో తరాలను కలిపినది కళ. కళ లేని సామాన్యుల ఇళ్ళలో ఏమి కలుపుతుందన్న ప్రశ్నకు సమాధానం విశాఖపట్నం నుంచి వచ్చింది. 1933లో రేవు తెరుచుకున్న తరువాత ఓడల నిర్మాణం, చమురు శుద్ధి, 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ నగరానికి అనేక ప్రాంతాల మనుషులను రప్పించాయి. పేరులోనే కొండధారను నిలుపుకున్న సీతమ్మధార వంటి పేటలలో స్థిరపడిన ఉద్యోగి కుటుంబాలలో తాతలు, నాయనమ్మలు తరచుగా పల్లెలోనే మిగిలిపోతారు. పక్కింటి ముసలివారే పిల్లలకు తాతలవుతారు, పక్కింటి కుర్రవాడే ఒంటరి వృద్ధుడికి మందులు తెచ్చిపెట్టే మనవడవుతాడు. చుట్టరికపు పిలుపు ఇక్కడ అలంకారం స్థాయిని దాటి, లేని చుట్టాల పనిని చేస్తుంది.

సీతమ్మధారకు కొద్ది దూరంలోని కంచరపాలెంలో, అక్కడి మనుషులనే ఎక్కువగా నటులుగా తీసుకుని, వెంకటేష్ మహా రూపొందించిన కేరాఫ్ కంచరపాలెం 2018 సెప్టెంబర్ 7న విడుదలైంది. కేరాఫ్ అనేది ఉత్తరాల కాలపు మాట. సొంత చిరునామా లేనివాడికి వచ్చే ఉత్తరం మరొకరి పేరు మీదుగా చేరేది, మధ్యవారి మీద నమ్మకమే ఆ మాటకు ఆధారం. ఈ చిత్రంలో బడిపిల్లవాడు సుందరం, యువకుడు జోసెఫ్, మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, 49 ఏళ్ళు వచ్చినా పెళ్ళికాని అటెండరు రాజు ఒకే పేటలో ఒకే కాలంలో ఉంటున్న వేర్వేరు వయస్సుల మనుషులుగా కనబడతారు. నలుగురితోనూ ప్రేక్షకుడికి విడివిడిగా స్నేహం కుదిరిన తరువాత, వారంతా ఒకే మనిషి నాలుగు ప్రాయాలని చిత్రం చివర తెలియజేస్తుంది. శంకరాభరణంలో ఇద్దరి మధ్య ఉన్న తరాల దూరం ఇక్కడ ఒక్క మనిషి లోపలికే వచ్చి చేరింది. బాల్యంలోని తనను వృద్ధాప్యంలోకి అడుగుపెడుతున్న తాను పొరుగువాడిలా పలకరించవలసిన స్థితి అది.

పేట మనుషులు రాజు పెళ్ళిని తమ సమస్యగా భావిస్తారు, అది కొంత వేధింపు, కొంత ప్రేమ. అతని కార్యాలయానికి అధికారిగా వచ్చిన ఒడిశా వితంతువు రాధకు ఎదిగిన కూతురు ఉంది. రాధ పుట్టింటివారు ఈ పెళ్ళికి అడ్డుపడినప్పుడు ఆ అమ్మాయే తల్లి పక్షాన నిలబడుతుంది. తెలుగు ఇళ్ళలో పెళ్ళిపెద్ద అంటే కుటుంబంలో వయస్సు ముదిరినవాడు, మాట చెల్లించుకోగలవాడు, సంబంధం కుదిర్చి బాధ్యత వహించేవాడు. ఇక్కడ ఆ బాధ్యతను కూతురు భుజాన వేసుకుంటుంది. శైలజ అనుమానంతో చూసిన తల్లి ప్రేమను, ముప్పయ్యయిదేళ్ళ తరువాత వచ్చిన ఈ అమ్మాయి అనుమానం లేకుండా చూసి, తల్లికి తానే పెళ్ళిపెద్ద అయింది.