ఓపికకి జీతం

టెలిఫోను కొత్తగా వచ్చిన రోజుల్లో అమెరికాలో స్విచ్‌బోర్డుల ముందు కూర్చున్నది మగపిల్లలు. టెలిగ్రాములు అందించే కుర్రాళ్ళు అప్పటికే ఊరూరా ఉన్నారు, చవగ్గా దొరికేవారు. 1878లో ఎక్స్ఛేంజీలు మొదలవగానే వాళ్ళనే తెచ్చి కూర్చోబెట్టారు. వాళ్ళేమో బోర్డు ముందే కుస్తీలు పట్టారు. కావాలని ఒకరి లైను ఇంకొకరికి తగిలించి నవ్వుకున్నారు. అవతల మనిషి విసుక్కుంటే రెండింతలు తిట్టారు. తంతి ఆఫీసులో ఈ వేషాలు చెల్లాయి, ఎందుకంటే అక్కడ జనానికి అందేది కాగితం. టెలిఫోనులో అందేది గొంతే. ఆ గొంతు బాగోలేదని చందాదారులు గోల పెట్టారు.

ఆ ఏడాది సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడని ఆపరేటరుగా తీసుకున్నారు. ప్రపంచంలో మొదటి స్త్రీ టెలిఫోన్ ఆపరేటరు ఆవిడే. ఆ రోజే కొన్ని గంటల తేడాతో ఆవిడ చెల్లెలు స్టెల్లా కూడా చేరింది. జీతం నెలకి 10 డాలర్లు, వారానికి 54 గంటల పని. ఎమ్మా గొంతు మెత్తగా ఉండేదనీ, ఎంత విసిగించినా విసుక్కునేది కాదనీ చెప్పుకున్నారు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళలోనే మగపిల్లలు బోర్డుల ముందు నుంచి మాయమయ్యారు. ఒక ఉద్యోగానికి చదువు కాదు, బలం కాదు, స్వభావం అర్హత అయింది.

నాదీ ఆ ఉద్యోగమే. డెబ్బయ్యవ దశకం నడిమధ్యలో, కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో, తంతి తపాలా శాఖ ట్రంకు గదిలో హెడ్‌సెట్టు తగిలించుకున్నాను. సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. ఇప్పుడు కంపెనీల్లో ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’ అని రెండు రోజుల శిక్షణలిచ్చి సర్టిఫికెట్లు పంచుతుంటే నాకు నవ్వూ వస్తుంది, కాస్త ఒళ్ళూ మండుతుంది. ఆఫీసులో మనసు అదుపులో పెట్టుకుని పనిచేయడమనే విద్యకి చరిత్ర రాయాలంటే అది మేనేజర్ల గదుల్లో మొదలవదు, టెలిఫోను బోర్డు దగ్గర మొదలవుతుంది.

స్వభావాన్ని అర్హతగా పెట్టగానే దానికి తోకలు మొలిచాయి. అమెరికాలో ఆపరేటరుకి పెళ్ళి కాకూడదు. బోర్డు పై వరసకి అందేలా చేతులు పొడుగుండాలి. ఉచ్చారణ ‘మంచి ఇంటి’ ఉచ్చారణ కావాలి. ఆ మంచి ఇల్లు అన్న మాట చాటున బెల్ కంపెనీలు నల్లజాతి స్త్రీలను 1940ల దాకా దాదాపు దగ్గరికి రానివ్వలేదు. 1902లో న్యూయార్కులో ఆపరేటర్లకి ప్రత్యేకంగా బడే పెట్టారు. ఏ సందర్భానికి ఏ మాట, ఆ మాట చివర గొంతు ఎంత ఎత్తాలి, అన్నీ నేర్పేవారు. వెనక సూపర్‌వైజర్లు తిరుగుతుండేవారు. మధ్యమధ్య లైన్లోకి చెవి పెట్టి వినేవారు కూడా. సహజమైన మెత్తదనం అంటూనే దాన్ని బడి పెట్టి నేర్పించారన్నమాట.

ఇక్కడ ఒక పిట్టకథ. కేన్సస్ సిటీలో శవసంస్కారాలు చేయించే వ్యాపారి ఒకాయన ఉండేవాడు, ఆల్మన్ స్ట్రౌజర్. తన పోటీదారుడి భార్య ఎక్స్ఛేంజీలో ఆపరేటరనీ, తనకి రావలసిన బేరాలన్నీ మొగుడి వైపు మళ్ళిస్తోందనీ ఆయన అనుమానం. ఆ కడుపుమంటతోనే ఆపరేటరు లేకుండా లైను కలిపే యంత్రం కనిపెట్టాడని అంటారు. ఆయనకి 1891లో పేటెంటు వచ్చింది. నిజమెంతో గాని, మా కొలువుకి ఎసరు పెట్టిన యంత్రం ఒక ఆపరేటరు గుణం మీద అనుమానంతో పుట్టిందంటే నాకెందుకో ముచ్చటగానే ఉంటుంది.

1907లో కెనడాలోని టొరంటోలో నాలుగు వందల పైచిలుకు ఆపరేటర్లు పని ఆపేశారు. అంతవరకూ అయిదు గంటలుగా ఉన్న షిఫ్టుని కంపెనీ ఎనిమిది గంటలు చేసింది. ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. తర్వాత ఆ దేశానికి ప్రధాని అయిన మెకంజీ కింగ్ అందులో ఒకరు. ఆ సంఘం ముందుకి వైద్యులు వచ్చి సాక్ష్యం చెప్పారు. ఈ పని నరాలను పిండేస్తుందన్నారు, అంత సేపు చేస్తే మనిషి మిగలదన్నారు. నాకు తెలిసి ‘ఓపిగ్గా ఉండటం’ కూడా శ్రమేననీ, దానికి ఒంట్లోంచి ఏదో ఖర్చవుతుందనీ ఒక ప్రభుత్వ సంఘం ముందు డాక్టర్లు చెప్పిన తొలి సందర్భాల్లో అదొకటి. 1919 ఏప్రిల్లో అమెరికా న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో ఎనిమిది వేల మంది దాకా ఆపరేటర్లు, జూలియా ఓ'కానర్ నాయకత్వాన, సమ్మెకు దిగారు. ఆరు రోజుల్లో జీతాలు పెంచుకున్నారు. మెత్తని గొంతులని ఏరి ఏరి తెచ్చుకున్నవాళ్ళకి అది పెద్ద దెబ్బే.

ఆఫీసుల్లో మనస్తత్వం గురించి మాట్లాడేవాళ్ళందరూ హాథార్న్ పేరెత్తుతారు. అది షికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళ ఫ్యాక్టరీ. అక్కడ తయారయ్యేవి టెలిఫోను సామాన్లే. 1927లో ఒక గదిలో ఆరుగురు ఆడపిల్లలను కూర్చోబెట్టి, ఎక్స్ఛేంజీల్లో వాడే రిలేలు బిగిస్తుంటే చూస్తూ పోయారు. విశ్రాంతి ఇచ్చారు, తినడానికి పెట్టారు, గంటలు తగ్గించారు. పని పెరిగింది. ఆప్యాయంగా చూస్తే మనిషి బాగా పనిచేస్తాడన్న సిద్ధాంతం అక్కడ గట్టిపడింది. హార్వర్డ్ నుంచి వచ్చిన ఎల్టన్ మేయోకి పేరొచ్చింది. ఆ పాఠం చెప్పేటప్పుడు ఎక్కువమంది దాటేసే విషయం ఒకటుంది. 1928 జనవరిలో ఆ ఆరుగురిలో ఇద్దర్ని, కబుర్లెక్కువయ్యాయనీ సహకరించడం లేదనీ, తప్పించి వేరే ఇద్దర్ని తెచ్చారు. ఆప్యాయతకి లొంగని స్వభావాన్ని గదిలోంచి పంపేశారన్నమాట. ఆ తర్వాతే ఉత్పత్తి బాగా పెరిగింది.

మన దేశంలో ఎక్స్ఛేంజీలు 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో వచ్చాయి. దొరల కాలంలో బోర్డుల ముందు ఎక్కువగా ఆంగ్లో ఇండియన్ అమ్మాయిలు ఉండేవారు. స్వాతంత్ర్యం తర్వాత మా బోటి వాళ్ళ వంతు వచ్చింది. పదో తరగతి, ఇంటర్ చదివి, ఇంట్లో నాన్నని ఒప్పించి, రాత్రి డ్యూటీ అంటే అమ్మ ఏడుస్తుంటే సముదాయించి వచ్చిన ఆడపిల్లలం.

ట్రంకు గది ఎలా ఉండేదో ఇప్పటివాళ్ళకి చెప్పాలి. చందాదారు 180కి ఫోన్ చేసి ఊరూ నంబరూ చెప్తాడు. టికెట్టు మీద పెన్సిల్తో రాసుకుంటాం. ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా? ఉత్తి నంబరా, ఫలానా మనిషే కావాలనే పి.పి. కాలా? ఆ టికెట్టు వరసలో చేరుతుంది. ఉన్న లైన్లు గుప్పెడు, టికెట్లు దొంతర్లు. మద్రాసుకో బొంబాయికో ఆర్డినరీ కాల్ కలవడానికి పూట పట్టేది. కలిశాక మూడు నిమిషాలకి ‘త్రీ మినిట్స్’ అని మేమే చెప్పాలి. ఎవరో ఏడుస్తున్నా సరే చెప్పాలి.

చందాదారుల్లో రకాలు. మిర్చి కమిషన్ వ్యాపారి ధర మారేలోగా లైను కావాలంటాడు, ఆలస్యమైన ప్రతి నిమిషానికీ మమ్మల్ని బాధ్యులని చేస్తాడు. లీడరు గారి మనిషి ‘నేనెవరో తెలుసా’తో మొదలుపెడతాడు. కాలేజీ కుర్రాడు లైను బుక్ చేయడు, ఊరికే మాట్లాడతానంటాడు. చెవిటి ముసలావిడ కొడుకు మాట వినబడక కంగారు పడుతుంటే, లైన్లో మేమే మధ్యవర్తులమై ‘మీ అబ్బాయి శుక్రవారం వస్తున్నాడటండీ’ అని అరిచి చెప్పేవాళ్ళం. వినకూడదు, విన్నది చెప్పకూడదు అన్నది నియమం. వినకుండా ఆ పని చేయడం ఎవరి తరం?

చందాదారుల కంటే ముఖ్యం అవతలి ఊరి ఆపరేటర్లు. లైను వాళ్ళ చేతిలో ఉంటుంది. మొహం ఎప్పుడూ చూడని బొంబాయి అమ్మాయికి వచ్చీరాని హిందీలో జలుబు తగ్గిందా అని అడిగితే మన టికెట్టు కదిలేది. ‘ఎన్నిసార్లు పిలవాలి’ అని కసిరితే ఆ పూటకి బొంబాయి ఎంగేజే. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. కొత్తగా చేరినవాళ్ళకి సీనియర్లు చెవిలో చెప్పేవారు.

మాలో ఒక అక్కయ్యగారు ఉండేవారు, ముక్కు మీద కోపం. స్వభావాల పరీక్ష ఏదైనా పెట్టి ఉంటే మొదటి మెట్టు మీదే జారిపడేవారు. విసుగొస్తే కీ వెనక్కి వేసి, అవతల వినపడకుండా, ఆ చందాదారు ఏడు తరాలనీ ఉతికి ఆరేసి, మళ్ళీ కీ ముందుకి వేసి ‘చెప్పండి బాబూ’ అనేవారు. ఆ ‘బాబూ’లో తిట్టిన జాడ ఉండేది కాదు. చావు కబుర్లు, ఆస్పత్రి కాల్స్ వస్తే అందరం ఆవిడ వైపే తోసేవాళ్ళం. ఇంకొకమ్మాయి ఉండేది, నోట్లో నాలుక లేనంత మెత్తన. ఎవరైనా గద్దిస్తే తడబడి తప్పు లైను కలిపేది. మనస్తత్వ శాస్త్రజ్ఞులు మనిషి గుణాలని అయిదు మూటలు కట్టారు. ఆ లెక్కలో మెత్తదనం మూటలో మొదటావిడకి తక్కువ మార్కులు, రెండో అమ్మాయికి ఎక్కువ. బోర్డు మీద మాత్రం తిరగబడేది. గుణం వేరు, పని నేర్పు వేరు.

1977 నవంబరు 19 తుపాను సంగతి చెప్పకుండా ముందుకి పోలేను. దివిసీమ వైపు లైన్లు తెగిపడ్డాయి. టికెట్లన్నీ అవనిగడ్డ, నాగాయలంక, మచిలీపట్నం. ఒకాయన అవనిగడ్డ నంబరు బుక్ చేశాడు. చెల్లెల్ని అక్కడిచ్చారట. అరగంటకోసారి ఎంక్వయిరీకి ఫోన్ చేస్తున్నాడు. ‘లైను కట్టయిందండీ’ అనబోతే అక్కయ్యగారు నా చేయి పట్టుకుని ఆపారు. ఆ మాట చెవిన పడితే ఆయనకి ఇంకోలా వినిపిస్తుందన్నారు. ‘స్తంభాలు పడిపోయాయండీ, మనుషులు వెళ్ళారు, ఏడింటికి మళ్ళీ ప్రయత్నిస్తాను, ప్రయత్నించాక నేనే మీకు ఫోన్ చేస్తాను’ అని చెప్పమన్నారు. అబద్ధం ఒక్కటి లేదు. ఉత్త ఆశ పెట్టడం లేదు. ఏడింటికి నిజంగా ఫోన్ చేయాలి, లైను కలవకపోయినా చేయాలి. కలవలేదు. ఎనిమిదింటికని చెప్పాను. అలా తెల్లారింది. ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఆ చెల్లెలి సంగతి ఏమైందో మాకు తెలియదు. మా పనిలో ఏ కథకీ చివర వినేవాళ్ళం కాదు.

ఆ రాత్రి పనికి పేరు లేదు. సర్కారు కొలువుల రహస్య నివేదికల్లో అప్పట్లో ‘క్రమశిక్షణకు లోబడే గుణం’ అని ఒక గడి ఉండేది, సమయపాలనకొకటి, తోటివారితో సంబంధాలకొకటి. ఏడింటికి ఫోన్ చేస్తానని చెప్పి చేసిన దానికి గడి లేదు.

1983లో అమెరికాలో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త ‘ది మేనేజ్డ్ హార్ట్’ అనే పుస్తకం రాసింది. విమానాల్లో పనిచేసే అమ్మాయిలనీ, అప్పులు వసూలు చేసేవాళ్ళనీ పరిశీలించింది. మొదటివాళ్ళు లేని ప్రేమ తెచ్చిపెట్టుకోవాలి, రెండోవాళ్ళు లేని కాఠిన్యం. రెండూ జీతానికి అమ్ముకునే శ్రమే అంది. టొరంటో డాక్టర్ల మాటకి అది పొడిగింపు. తర్వాత 1990లో సాలొవీ, మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎమోషనల్ ఇంటెలిజెన్స్ మీద వ్యాసం రాశారు. 1995లో డేనియల్ గోల్మన్ అదే పేరుతో పుస్తకం రాసి ఊరూవాడా తెలిసేలా చేశాడు. అక్కడి నుంచి కథ మలుపు తిరిగింది. మెత్తగా మాట్లాడటం, ఎదుటివాడి మనసు పసిగట్టడం, కోపం దిగమింగడం నాయకుల లక్షణాలయ్యాయి. శిక్షణ తరగతులొచ్చాయి, ఫీజులొచ్చాయి, పదోన్నతులొచ్చాయి. ఆపరేటరు దగ్గర ఉన్నంతకాలం అది ఆడదాని సహజగుణం, దానికి వేరే జీతం అక్కర్లేదు. మేనేజరు దగ్గరికి చేరగానే అది నైపుణ్యం.

ఈలోగా మా బోర్డులు పోయాయి. 1960లోనే కాన్పూరు, లక్నోల మధ్య ఆపరేటరు లేకుండా నేరుగా కలిసే ఎస్టీడీ వచ్చినా మా ఊళ్ళ దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1984లో సి-డాట్ అనే ప్రభుత్వ టెలిఫోను పరిశోధన సంస్థ పెట్టాక ఊపందుకుంది. పసుపు రంగు ఎస్టీడీ బూత్‌లు వీధివీధికీ వచ్చాయి. మాలో కొందరిని 197లో నంబర్లు చెప్పే పనికీ, 198లో ఫిర్యాదులు రాసుకునే పనికీ, కౌంటర్లకీ సర్దారు. స్ట్రౌజరు కోరిక అలా తీరింది.

ఇప్పుడు హైదరాబాదులో కాల్ సెంటర్ల పిల్లలు రాత్రంతా హెడ్‌సెట్టు పెట్టుకుని ఎవరెవరి కోపాలో వింటున్నారు. వాళ్ళ మాటలు రికార్డవుతాయి, వాటికి మార్కులు పడతాయి. వాళ్ళ షిఫ్టు ఎన్ని గంటలుండాలో, ఒక తిట్టు కాల్‌కీ ఇంకో కాల్‌కీ మధ్య ఎంత విరామం ఇవ్వాలో నిర్ణయించేవాళ్ళు 1907 నాటి టొరంటో విచారణని ఒక్కసారి తిరగేస్తే మంచిది. అలాగే, మీ ఇంట్లోనో మీ వీధిలోనో ట్రంకు గదిలో పనిచేసి రిటైరైన ఆవిడ ఉంటే, వెళ్ళి కూర్చుని ఆవిడ చెప్పేది ఫోన్లో రికార్డు చేయండి. మాలో చాలామంది డెబ్బై దాటినవాళ్ళమే.